18 జౌళ్లు ఎక్కడికి వెళ్లాయి? ఒక కాయిల్ లాంచర్ నమూనా, దాని శక్తి పద్దు

విద్యుదయస్కాంత లాంచర్‌ను చూసిన వారందరూ మొదట అడిగేది ఒక్కటే: ఎంత వేగం వస్తుంది? ఆ ప్రశ్న సహజమైనదే గాని, గణిత నమూనా సరిగా ఉందో లేదో తేల్చడానికి మాత్రం వేగం చాలా బలహీనమైన సాక్ష్యం. వేగం గతిజశక్తి వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది కాబట్టి, శక్తి లెక్కలో 20 శాతం తేడా ఉన్నా వేగంలో అది సుమారు 10 శాతంగానే కనిపిస్తుంది. పైగా ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా వేసిన అంచనాలు ఒకదాన్నొకటి కొట్టివేసి, చివరి అంకె మాత్రం ముచ్చటగా కుదిరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కెపాసిటర్‌లో నిల్వ చేసిన ప్రతి జౌల్ ఎటు పోయిందో పద్దు రాసి, లెక్కలో వచ్చిన కరెంటు తరంగాన్ని ఆసిలోస్కోపులో కనిపించిన తరంగం పక్కన పెట్టి చూసిన తరువాతే నమూనాను నమ్మాలని నా నిశ్చితాభిప్రాయం. ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రయోగశాల కోసం మేము తయారుచేసిన ఒక ఒంటి దశ కాయిల్ లాంచర్ (ఒకే తీగచుట్టలో కరెంటు పంపి, ఆ అయస్కాంత క్షేత్రంతో ఉక్కు కడ్డీని లాగి విసిరే పరికరం) విషయంలో ఈ పద్ధతి ఏమి బయటపెట్టిందో ఇక్కడ అంకెలతో సహా వివరిస్తున్నాను.

పరికరం

విద్యార్థులు చేతితో తాకే పరికరం కాబట్టి వోల్టేజిని 60 దగ్గర ఆపాలని ముందే నిర్ణయించుకున్నాము. 10,000 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను 60 వోల్టులకు చార్జి చేస్తే అందులో నిలిచే శక్తి సరిగ్గా 18 జౌళ్లు, నిలిచే ఆవేశం 0.6 కూలుంబులు. ఈ రెండు అంకెలు చివరి వరకు పనికొస్తాయి. కెపాసిటర్ రేటింగ్ 100 వోల్టులు. దానికి సమాంతరంగా 1 కిలోఓమ్ బ్లీడర్ రెసిస్టర్‌ను శాశ్వతంగా బిగించాము. దాని కాలస్థిరాంకం 10 సెకన్లు కాబట్టి, స్విచ్ ఆపిన తరువాత ఒక నిమిషం ఆగితే కెపాసిటర్ దాదాపు ఖాళీ అవుతుంది. 60 వోల్టులే కదా అని దీన్ని వదిలేయకూడదు. వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగల కెపాసిటర్ కొనల మీద స్పానర్ పడితే లోహం కరిగి చిమ్ముతుంది.

కాయిల్‌ను మోటారు రీవైండింగ్ షాపుల్లో దొరికే 19 గేజు ఎనామెల్ రాగి తీగతో చుట్టాము. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 26 మిల్లీమీటర్లు, పొడవు 30 మిల్లీమీటర్లు. పొరకు 27 చొప్పున ఏడు పొరల్లో మొత్తం 189 చుట్లు. తీగ పొడవు 11 మీటర్లకు కాస్త తక్కువ, నాలుగు తీగల పద్ధతిలో కొలిచిన నిరోధం 0.23 ఓమ్‌లు. కాయిల్ ఖాళీగా ఉన్నప్పుడు ప్రేరకత్వం (కరెంటు మార్పును కాయిల్ ఎదిరించే గుణం) 225 మైక్రోహెన్రీలు. లోపలి గొట్టం ప్లాస్టిక్‌ది. ఇత్తడి గొట్టమైతే అదే ఒక షార్ట్ అయిన చుట్టులా పనిచేసి, కాయిల్ పుట్టించే క్షేత్రాన్ని కొంతవరకు రద్దు చేస్తుంది.

ప్రక్షేపకం 8 మిల్లీమీటర్ల వ్యాసం, 30 మిల్లీమీటర్ల పొడవు గల మెత్తని ఉక్కు కడ్డీ ముక్క. దాని ద్రవ్యరాశి 11.8 గ్రాములు. ముందు కొన కాయిల్ అంచుకు సరిగ్గా తాకేలా పెట్టి వదులుతాము, అంటే కడ్డీ మధ్యబిందువు కాయిల్ మధ్యబిందువుకు 30 మిల్లీమీటర్ల వెనుక ఉంటుంది. స్విచ్‌గా ఒక థైరిస్టర్ (చిన్న సంకేతంతో వెలిగే అర్ధవాహక పరికరం). కరెంటును కొలవడానికి 200 ఆంపియర్లకు 75 మిల్లీవోల్టులు ఇచ్చే ప్యానెల్ షంట్ (విలువ తెలిసిన అతి చిన్న నిరోధం). షంట్ నుంచి ఆసిలోస్కోపుకు వెళ్లే తీగలను గట్టిగా మెలిపెట్టాలి. మిల్లీవోల్టుల సంకేతం పక్కనే వంద ఆంపియర్లు మిల్లీసెకనులో పెరిగిపోతుంటే, ఆ తీగల మధ్య ఉన్న చిన్న ఖాళీ కూడా దొంగ వోల్టేజిని పుట్టిస్తుంది. వేగాన్ని కొలవడానికి 100 మిల్లీమీటర్ల దూరంలో రెండు పరారుణ కాంతి ద్వారాలు అమర్చాము, రెండిటినీ కాయిల్ క్షేత్రం పూర్తిగా తగ్గిపోయిన తరువాతి భాగంలో ఉంచాము. ద్వారాల మధ్య దూరంలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే వేగంలో ఒక శాతం, శక్తిలో రెండు శాతం తేడా వస్తుందని గుర్తుంచుకోవాలి. చివర మందపాటి ఫోమ్ నింపిన పెట్టె కడ్డీని ఆపుతుంది.

మొదటి నమూనా: వర్గ నియమం

పాఠ్యపుస్తకాల దారి మనకు తెలిసినదే. ఇనుము కాయిల్ లోపలికి వెళ్లేకొద్దీ ప్రేరకత్వం పెరుగుతుంది. బలం, కరెంటు వర్గంలో సగాన్ని ప్రేరకత్వపు వాలుతో గుణిస్తే వస్తుంది. కడ్డీని మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరుపుతూ ఎల్‌సీఆర్ మీటరుతో ప్రేరకత్వాన్ని కొలిచి, ఆ వక్రరేఖను సమీకరణాల్లో పెట్టి, పైథాన్‌లో 10 మైక్రోసెకన్ల అడుగుతో సాధించడం విద్యార్థులకు అప్పగించిన మొదటి పని.

ఈ కొలతలోనే గమనించవలసిన విషయం ఒకటి ఉంది. 100 హెర్ట్జ్ వద్ద కడ్డీ మధ్యలో ఉన్నప్పుడు ప్రేరకత్వం దాదాపు 700 మైక్రోహెన్రీలు వచ్చింది. అదే మీటరును 1 కిలోహెర్ట్జ్‌కు మార్చితే విలువ స్పష్టంగా తగ్గింది. ఘనమైన ఉక్కులో పుట్టే ఎడ్డీ కరెంట్లు (మారే క్షేత్రం వల్ల లోహంలో సుళ్లు తిరిగే కరెంట్లు) అయస్కాంత క్షేత్రాన్ని లోపలికి పోనివ్వకుండా ఆపుతాయి కాబట్టి పౌనఃపున్యం పెరిగేకొద్దీ కడ్డీ పైపొర మాత్రమే పనిచేస్తుంది. మన పల్స్ కొన్ని మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి 100 హెర్ట్జ్ విలువే దానికి దగ్గర. కానీ మీటరు ఏ పౌనఃపున్యం వద్ద కొలిచిందో రాయకుండా ప్రేరకత్వం రాసిన పట్టికకు విలువ లేదు.

ఈ వర్గ నియమం ప్రకారం లెక్క వేస్తే ఫలితం ఇలా ఉంటుంది. కరెంటు 125 ఆంపియర్ల దగ్గరికి చేరుతుంది, బలం వంద న్యూటన్లు దాటుతుంది, కడ్డీ కాయిల్ మధ్యకు చేరేసరికి వేగం సెకనుకు 17–18 మీటర్లు. ఆ తరువాత జరిగేదే అసలు విశేషం. మధ్యబిందువు దాటిన కడ్డీని కాయిల్ వెనక్కి లాగుతుంది. బయటికి పోతున్న కడ్డీ వల్ల ప్రేరకత్వం పడిపోతుంటే యంత్రం జనరేటర్‌లా పనిచేసి కరెంటును మళ్లీ పెంచుతుంది. పెరిగిన కరెంటు ఇంకా గట్టిగా వెనక్కి లాగుతుంది. లెక్కలో కడ్డీ తన వేగాన్నంతా దాదాపు కోల్పోయి కాయిల్ దగ్గరే తచ్చాడుతుంది.

వాస్తవంలో కడ్డీ కాయిల్‌ను హాయిగా దాటి సెకనుకు సుమారు 11 మీటర్ల వేగంతో వెళుతున్నది. ఇక్కడ ఒక ఆకర్షణ ఎదురవుతుంది. మధ్యబిందువు దగ్గర కరెంటు ఆగిపోయిందని ఊహించి, వచ్చిన 17–18ని ఏదో ఒక ‘సామర్థ్య గుణకం’తో గుణిస్తే 11 వచ్చేస్తుంది. చాలా ప్రాజెక్టు నివేదికల్లో ఈ గుణకం కనిపిస్తుంది. అది భౌతిక శాస్త్రం కాదు. తెలియనిదాన్ని ఒక అంకె కింద దాచడం. కెపాసిటర్ మార్చినా, కడ్డీ పొడవు మార్చినా ఆ గుణకం మారిపోతుంది కాబట్టి దానితో తరువాతి ప్రయోగం గురించి ఏమీ చెప్పలేము.

నమూనా ఎక్కడ తప్పిందో చూపించినది కరెంటు తరంగం. వర్గ నియమం ప్రకారం కరెంటుకు రెండు మూపురాలు ఉండాలి: మొదట 125 వరకు పెరిగి, మూడో మిల్లీసెకను తరువాత 40–45 ఆంపియర్లకు పడి, మళ్లీ 100 వైపు లేవాలి. ఆసిలోస్కోపులో కనిపించినది ఒకే ఒక్క నునుపైన మూపురం: ఒకటిన్నర మిల్లీసెకన్ల వద్ద సుమారు 138 ఆంపియర్ల శిఖరం, ఆ తరువాత ఎక్కడా లేవకుండా ఏడెనిమిది మిల్లీసెకన్లలో దాదాపు సున్నాకు దిగిపోయే తోక. వేగాన్ని ఏ గుణకంతోనైనా సరిపెట్టవచ్చు గాని, లేని రెండో మూపురాన్ని ఏ గుణకమూ మాయం చేయలేదు.

సంతృప్తత: బలం సరళంగా మారే చోటు

ఎల్‌సీఆర్ మీటరు మిల్లీఆంపియర్లతో కొలుస్తుంది. మన కాయిల్‌లో పారేది వంద ఆంపియర్లకు పైమాటే. మెత్తని ఉక్కు సుమారు 2.1 టెస్లాల దగ్గర అయస్కాంతంగా నిండిపోతుంది. అంతకు మించి ఎంత కరెంటు పంపినా ఇనుము వంతుగా చేరే ఫ్లక్స్ పెరగదు. ఈ కడ్డీ పొడవు వ్యాసానికి నాలుగు రెట్లకు కాస్త తక్కువ కాబట్టి దాని విఅయస్కాంతీకరణ గుణకం (కడ్డీ కొనలే దాని అయస్కాంతీకరణను ఎంత ఎదిరిస్తాయో చెప్పే అంకె) 0.07 ప్రాంతంలో ఉంటుంది. ఈ కాయిల్ మధ్యలో ఒక ఆంపియరుకు మీటరుకు 5,400 ఆంపియర్ల క్షేత్రం వస్తుంది. రెండిటినీ కలిపి చూస్తే, కడ్డీ పూర్తిగా లోపల ఉన్నప్పుడు 25 ఆంపియర్ల దగ్గరే నిండిపోతుందని తేలుతుంది. అంటే పల్స్‌లో చాలా భాగం కడ్డీ సంతృప్త స్థితిలోనే ప్రయాణిస్తుంది. మిల్లీఆంపియర్లతో కొలిచిన 700 మైక్రోహెన్రీలు ఆ సమయంలో ఎక్కడా లేవు. కరెంటు మార్పుకు ఎదురయ్యేది ఖాళీ కాయిల్ 225 మైక్రోహెన్రీలే.

సంతృప్తత వచ్చాక బలం స్వభావమే మారిపోతుంది. నిండిపోయిన కడ్డీ ఒక శాశ్వత అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది కాబట్టి దాని మీద బలం కరెంటు వర్గాన్ని కాక కరెంటునే అనుసరిస్తుంది. కడ్డీ ముందు కొన దగ్గర ఉన్న క్షేత్రం నుంచి వెనుక కొన దగ్గరి క్షేత్రాన్ని తీసివేసి, దాన్ని 2.1 టెస్లాలతోనూ కడ్డీ అడ్డుకోత వైశాల్యంతోనూ గుణిస్తే బలం వస్తుంది. కాయిల్ అక్షం మీది క్షేత్రానికి సూత్రం ప్రతి భౌతిక శాస్త్ర విద్యార్థికీ తెలిసినదే. దానితో లెక్కిస్తే, మొదలుపెట్టే చోట ఆంపియరుకు 0.31 న్యూటన్లు, కడ్డీ మధ్యబిందువు కాయిల్ మధ్యకు 15 మిల్లీమీటర్ల దూరంలో ఉండగా గరిష్ఠంగా 0.53 న్యూటన్లు, కాయిల్ మధ్యలో సున్నా, ఆ తరువాత అదే ఆకారం వ్యతిరేక దిశలో. సంతృప్తతకు ముందున్న తొలి భాగంలో బలం తక్కువగా ఉంటుంది కాబట్టి కరెంటులోంచి సుమారు 12 ఆంపియర్లు తీసివేసి గుణించడం సరిపోయే సవరణ.

ఈ అంకెకు మరొక ముఖం ఉంది. ఆంపియరుకు 0.53 న్యూటన్లు అన్నా, సెకనుకు ఒక మీటరు వేగానికి 0.53 వోల్టుల వ్యతిరేక విద్యుచ్చాలక బలం అన్నా ఒకటే స్థిరాంకం. కడ్డీ సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతున్నప్పుడు అది వలయంలో పుట్టించే వ్యతిరేక వోల్టేజి 5 వోల్టుల పైచిలుకు. కడ్డీకి చేరే యాంత్రిక శక్తి అంతా ఈ 5 వోల్టుల గుండానే వెళ్లాలి. మిగతా వోల్టేజిలో చాలా భాగం నిరోధంలోనే ఖర్చవుతుంది.

సంతృప్త నమూనాతో మళ్లీ సాధించాము. వలయంలో మొత్తం నిరోధం 0.30 ఓమ్‌లు, థైరిస్టర్ మీద తగ్గే 1.2 వోల్టులను విడిగా తీసుకున్నాము. 225 మైక్రోహెన్రీలు, 10,000 మైక్రోఫారడ్లు, 0.30 ఓమ్‌లు కలిస్తే వలయం సరిగ్గా క్రిటికల్ డాంపింగ్ (కరెంటు ఊగిసలాడకుండా దిగిపోయే హద్దు) వద్ద నిలుస్తుంది, శిఖరం 1.5 మిల్లీసెకన్ల వద్ద వస్తుంది. వ్యతిరేక విద్యుచ్చాలక బలాన్ని కూడా కలిపితే శిఖరం 140 ఆంపియర్ల దగ్గర తేలుతుంది, కొలిచినది 138. తోక ఆకారం కూడా ఆసిలోస్కోపు గీత మీద దాదాపు పూర్తిగా కూర్చున్నది. ఈ సరిపోలిక చూసిన తరువాతే వేగం వైపు చూశాము. కడ్డీ కాయిల్ మధ్యకు నాలుగున్నర మిల్లీసెకన్లకు సెకనుకు 13.4 మీటర్ల వేగంతో చేరుతుంది. అప్పటికి కాయిల్‌లో ఇంకా 55–60 ఆంపియర్లు ఉన్నాయి కాబట్టి అది కొంత వెనక్కి లాగబడి, చివరకు 11.7 మీటర్ల వేగంతో బయటపడుతుంది. కాంతి ద్వారాలు చూపించినది 11 మీటర్లు.

మిగిలిన తేడాలో చాలా భాగం ఎడ్డీ కరెంట్లదే. క్షేత్రం ఘనమైన ఉక్కు లోపలికి వెళ్లడానికి సమయం కావాలి. సంతృప్త పొర బయటినుంచి లోపలికి జరుగుతూ పోయే లెక్కలో, ఈ వ్యాసానికి, ఈ క్షేత్రానికి అది మిల్లీసెకనులో మూడో వంతు నుంచి సగం లోపు వస్తుంది. బలం ఆ మేరకు ఆలస్యంగా మొదలవుతుందని చేర్చితే లెక్క 11.3 దగ్గరికి దిగింది. ప్లాస్టిక్ గొట్టంలో రాపిడిని విడిగా కొలిచే ఏర్పాటు ఈ పరికరంలో లేదు కాబట్టి మిగిలిన భాగాన్ని దేనికీ అంటగట్టకుండా అలాగే వదిలేశాము.

పద్దు

ఇప్పుడు 18 జౌళ్ల సంగతి. ప్రతి అడుగులోనూ ఒక్కొక్క భాగంలో ఖర్చయిన శక్తిని కూడుతూ పోతే ఇలా తేలింది. రాగి కాయిల్ వేడి కింద సుమారు 12.5 జౌళ్లు పోయాయి. కెపాసిటర్ అంతర్గత నిరోధం, కలుపు తీగలు, బిగింపుల్లో 3.8 జౌళ్లు. థైరిస్టర్‌లో 0.7. కడ్డీ గతిజశక్తి 0.8. మిగిలిన 0.2 కెపాసిటర్‌లో మిగిలిపోయిన చిన్న వోల్టేజికి, ఉక్కులో పుట్టిన వేడికి. కొలిచిన 11 మీటర్ల వేగాన్ని బట్టి కడ్డీకి నిజంగా అందినది 0.71 జౌళ్లు, అంటే 4 శాతం.

థైరిస్టర్ వరుసను చూసి విద్యార్థులు ఆశ్చర్యపోయారు. నిజానికి దాన్ని సాధించడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. వోల్టేజి తగ్గుదల 1.2 వోల్టులు, దాని గుండా వెళ్లిన ఆవేశం 0.6 కూలుంబులు, గుణిస్తే 0.72 జౌళ్లు. కడ్డీకి ఎంత శక్తి అందిందో అంతే శక్తిని ఒక స్విచ్ తన వంతుగా తీసుకున్నది! వోల్టేజి తక్కువగా ఉన్న పరికరాల్లో ఇది తప్పదు. అదే శక్తిని 400 వోల్టుల వద్ద నిల్వ చేస్తే ఆవేశం సుమారు ఏడో వంతుకు పడిపోతుంది కాబట్టి ఈ ఖర్చు లెక్కలోకి రాదు. కానీ విద్యార్థుల బల్ల మీద 400 వోల్టులు పెట్టడానికి ఆ లాభం చాలదని నేను ఇప్పటికీ అంటాను.

బిగింపుల్లో పోయిన 3.8 జౌళ్లు కూడా చిన్నవి కావు. మొత్తం నిరోధంలో 0.07 ఓమ్‌లు కాయిల్ బయటే ఉన్నాయి. సన్నని కలుపు తీగలకు బదులు మందపాటివి వేసి, స్క్రూ టెర్మినళ్లకు బదులు క్రింప్ చేసిన లగ్గులు వాడితే దీన్ని సగానికి తేవచ్చు. కొత్త కాయిల్ రూపకల్పన గురించి ఆలోచించే ముందు చేయవలసిన పని ఇదే.

కాయిల్ వేడెక్కడం గురించి కూడా ఒక మాట. కాయిల్‌లో ఉన్న రాగి 75 గ్రాములకు పైనే ఉంటుంది కాబట్టి 12.5 జౌళ్లతో దాని ఉష్ణోగ్రత అర డిగ్రీ కూడా పెరగదు. అయితే వరుసగా వదులుతూ పోతే వేడి పేరుకుంటుంది; పది డిగ్రీలు పెరిగితే రాగి నిరోధం దాదాపు 4 శాతం పెరుగుతుంది. ఉదయం చల్లని కాయిల్‌తో తీసిన కొలతను మధ్యాహ్నం వేడెక్కిన కాయిల్‌తో తీసిన కొలతతో పోల్చేటప్పుడు, మే నెలలో ఏసీ లేని ప్రయోగశాలలో మరీ ముఖ్యంగా, కాయిల్ నిరోధాన్ని మళ్లీ కొలవాలి.

4 శాతమే ఎందుకు?

పద్దు ఎక్కడ పోయిందో చెబుతుంది. ఎందుకు పోయిందో చెప్పడానికి మరొక అంకె కావాలి. వ్యతిరేక విద్యుచ్చాలక బలాన్ని ఆ క్షణపు కరెంటుతో భాగిస్తే ఓమ్‌లలో ఒక విలువ వస్తుంది. దాన్ని చలన నిరోధం అనుకుందాం. వలయం దృష్టిలో కడ్డీ అంటే అంత నిరోధమే. కరెంటు శిఖరం దగ్గర, అంటే ఒకటిన్నర మిల్లీసెకన్ల వద్ద, కడ్డీ వేగం సెకనుకు మూడున్నర మీటర్లే కాబట్టి చలన నిరోధం 0.008 ఓమ్‌లు. అదే సమయంలో రాగి, తీగలు కలిసి 0.30 ఓమ్‌లు. ఆ క్షణంలో సామర్థ్యం మూడు శాతం లోపు. మూడు మిల్లీసెకన్ల వద్ద కడ్డీ సెకనుకు 9 మీటర్లు దాటాక చలన నిరోధం 0.05 ఓమ్‌లకు చేరుతుంది, సామర్థ్యం 14 శాతం అవుతుంది. కానీ అప్పటికి కరెంటు తగ్గుముఖం పట్టింది. కరెంటు దండిగా ఉన్నప్పుడు వేగం లేదు, వేగం వచ్చేసరికి కరెంటు లేదు. నిశ్చల స్థితి నుంచి ఒకే దశలో వదిలే చిన్న లాంచర్లన్నిటి తక్కువ సామర్థ్యానికి మూలం ఇక్కడే ఉంది.

పెద్ద యంత్రాలను కూడా ఇదే కొలబద్దతో చూడవచ్చు. రెయిల్‌గన్‌లో (రెండు పట్టాల గుండా కరెంటు పంపి ప్రక్షేపకాన్ని తోసే యంత్రం) బలం కరెంటు వర్గంలో సగాన్ని మీటరుకు ప్రేరకత్వంతో గుణిస్తే వస్తుంది. మామూలు పట్టాల జతకు ఆ ప్రేరకత్వం మీటరుకు 0.4–0.5 మైక్రోహెన్రీలు. కరెంటు స్థిరంగా ఉంటే మూలం నుంచి వచ్చే శక్తిలో, నిరోధంలో పోగా మిగిలినది చలనానికి సగం, పట్టాల మధ్య అయస్కాంత క్షేత్రానికి సగం పంచబడుతుంది. అమెరికా నావికాదళం 2008 జనవరిలో వర్జీనియాలోని డాల్‌గ్రెన్ వద్ద జరిపిన ప్రయోగంలో ప్రక్షేపకం సెకనుకు 2,520 మీటర్ల వేగంతో, 10.64 మెగాజౌళ్ల శక్తితో బయటికి వచ్చింది. ఆ వేగం దగ్గర చలన నిరోధం అర మిల్లీఓమ్ పైచిలుకు వస్తుంది. మన కాయిల్ అంకెతో పోలిస్తే ఇది అత్యల్పంగా కనిపించవచ్చు, కానీ బలిష్ఠమైన పట్టాల నిరోధం కూడా మిల్లీఓమ్‌లో భిన్నమే కాబట్టి రెండూ సమవుజ్జీలు. అందుకే వేగం పెరిగేకొద్దీ రెయిల్‌గన్ సామర్థ్యం మెరుగుపడుతుంది. 1978లో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు 500 మెగాజౌళ్లు నిల్వ చేయగల హోమోపోలార్ జనరేటర్‌తో (తిరిగే చక్రంలో శక్తిని దాచి పెద్ద కరెంటు ఇచ్చే యంత్రం) 3 గ్రాముల ప్రక్షేపకాన్ని సెకనుకు 5.9 కిలోమీటర్ల వేగానికి తీసుకువెళ్లారు. దాని గతిజశక్తి లెక్క వేస్తే 52 కిలోజౌళ్లు. అంకెల మధ్య ఉన్న దూరాన్ని చూసి సామర్థ్యం ఇంత తక్కువా అనుకోకూడదు. జనరేటర్‌లో నిల్వ ఉన్న శక్తి వేరు, ఒక్క ప్రయోగానికి వాడుకున్న శక్తి వేరు. సామర్థ్యం అన్న మాట విన్నప్పుడల్లా దేన్ని దేనితో భాగించారో అడగాలి.

కాయిల్ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ 1901లోనే విద్యుదయస్కాంత తుపాకికి పేటెంటు తీసుకున్నారు. బహిరంగ ప్రదర్శనలో షార్ట్ సర్క్యూట్ వల్ల పెద్ద ఆర్క్ లేచి ప్రయోగం విఫలమైంది. ఆయుధంగా అది నిలవలేదు గాని, ఆ ఆర్క్‌తో గాలిలోని నత్రజనిని స్థిరీకరించవచ్చన్న ఆలోచన శామ్ ఐడేతో కలిసి ఎరువుల తయారీ పద్ధతిగా మారి, 1905లో నార్స్క్ హైడ్రో సంస్థ పుట్టుకకు దారితీసింది. దారితప్పిన శక్తి ఎటు పోయిందో శ్రద్ధగా చూసినందుకు దక్కిన ఫలం అది.

కెపాసిటర్ తగ్గిస్తే

నమూనా నిజంగా పనికొస్తుందా అన్నదానికి పరీక్ష, చేయని ప్రయోగం గురించి అది ముందే ఏమి చెబుతుందన్నదే. పద్దులో వెనక్కి లాగుడు వల్ల పోయిన వాటా పావు జౌల్: మధ్యబిందువు దగ్గర 1.06 జౌళ్లు ఉన్న గతిజశక్తి బయటికి వచ్చేసరికి 0.81కి పడిపోయింది. పల్స్ తోకను కురచ చేస్తే ఇది తగ్గాలి. మిగతా ఏవీ మార్చకుండా 6,800 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టి, అదే 60 వోల్టులతో లెక్క వేశాము. నిల్వ శక్తి 12.2 జౌళ్లకు పడింది. వలయం ఇప్పుడు కొద్దిగా అండర్‌డాంప్డ్ (కరెంటు ఊగిసలాడే వైపు), శిఖరం 1.3 మిల్లీసెకన్ల వద్ద 130 ఆంపియర్ల ప్రాంతంలో ఉంటుంది. కడ్డీ ఐదు మిల్లీసెకన్ల వద్ద మధ్యకు చేరేసరికి కాయిల్‌లో 15 ఆంపియర్లకు మించి లేవు కాబట్టి వెనక్కి లాగుడు దాదాపు మాయమైంది. బయటికి వచ్చే వేగం 10.3 మీటర్లు, గతిజశక్తి 0.63 జౌళ్లు, సామర్థ్యం 5.1 శాతం.

లెక్కలో సామర్థ్యం 4.5 నుంచి 5.1 శాతానికి పెరిగింది. మూడో వంతు శక్తిని తగ్గించినా వేగం 12 శాతమే తగ్గింది. ఆ కెపాసిటర్‌ను నిజంగా బిగించి చూసినప్పుడు వేగం లెక్క కంటే కాస్త తక్కువగా, 10 మీటర్లకు అటూ ఇటూగా వచ్చింది; మొదటి కెపాసిటర్‌లో లెక్కకూ కొలతకూ ఉన్న తేడా ఎంతో, ఇక్కడా దాదాపు అంతే. ఏ గుణకాన్నీ కొత్తగా సవరించకుండా ఇది కుదిరింది. గరిష్ఠ వేగం కావాలా, జౌల్‌కు గరిష్ఠ ఫలితం కావాలా అన్నవి రెండు వేరు వేరు ప్రశ్నలు. రెంటికీ ఒకే కెపాసిటర్ జవాబు కాదు. ప్రాజెక్టు నివేదికల్లో ఈ రెండిటినీ కలిపి ‘ఉత్తమ విలువ’ అని రాయడం చూస్తుంటాను. ముందుగా దేన్ని ఉత్తమం చేస్తున్నారో రాయాలి.

చుట్ల సంఖ్య మార్చితే ఏమవుతుందని విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. అదే పరిమాణంలో, అదే రాగి నింపి చుట్లు సగం చేస్తే ప్రేరకత్వం నాలుగో వంతు అవుతుంది, నిరోధం కూడా నాలుగో వంతు అవుతుంది. రెంటి నిష్పత్తి మారదు. ఆంపియరుకు బలం సగమవుతుంది, ఆంపియర్లు రెట్టింపు కావాలి. అంటే చుట్ల సంఖ్య కాయిల్‌ను కెపాసిటర్‌కు, స్విచ్‌కు జత కుదిర్చే సాధనం మాత్రమే. ఎంత రాగి, ఎంత దగ్గరగా ఉందన్నదే కాయిల్ నాణ్యతను నిర్ణయిస్తుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీకి 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం అంటే గొట్టం గోడకు, కదలికకు కలిపి ఒక్కో వైపు ఒక మిల్లీమీటరు పోయింది. గోడ పల్చనైన గొట్టం దొరికితే ఆ మేరకు రాగిని కడ్డీకి దగ్గర చేయవచ్చు. మా పరికరంలో మిగిలి ఉన్న అతి చవకైన మెరుగు అదే.

ఇప్పుడు రెండో కాయిల్‌ను చేర్చే పని నడుస్తున్నది. మొదటి కాయిల్ నుంచి సెకనుకు 10–11 మీటర్లతో వచ్చిన కడ్డీకి మొదటి క్షణం నుంచే చలన నిరోధం ఉంటుంది కాబట్టి రెండో దశ సామర్థ్యం మొదటిదాని కంటే మెరుగ్గా ఉండాలి. అయితే అది 30 మిల్లీమీటర్లను మూడు మిల్లీసెకన్ల లోపే దాటేస్తుంది, కాబట్టి పల్స్ ఇంకా కురచగా ఉండాలి. అందుకు కెపాసిటర్‌ను తగ్గించాలి, వలయం మరింత అండర్‌డాంప్డ్ అవుతుంది, కెపాసిటర్ మీద వోల్టేజి తిరగబడే స్థితి వస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ దాన్ని భరించదు కాబట్టి దానికి సమాంతరంగా డయోడ్ పెట్టాలి. డయోడ్ పెట్టిన మరుక్షణం కరెంటు తోక మళ్లీ సాగుతుంది, వెనక్కి లాగుడు మళ్లీ వస్తుంది. ఆ డయోడ్‌తో వరుసగా ఒక చిన్న నిరోధం పెట్టి తోకను ఎంతవరకు కోయవచ్చో, అప్పుడు కెపాసిటర్ మీద ఎన్ని వోల్టులు తిరగబడతాయో ఇదే నమూనాతో లెక్కిస్తున్నాము. రెండో థైరిస్టర్‌ను కాంతి ద్వారం నుంచి ఎన్ని మైక్రోసెకన్ల ఆలస్యంతో వెలిగించాలన్నది ఆ లెక్క తేలిన తరువాతే నిర్ణయిస్తాము.